ఆల్చిప్ప గొళ్ళెం

"ఉప్పు సాల్లేదు మామ్మా," అంది మరిడి, చూపుడువేలు నోట్లోంచి తీసి.

"ఎంత సాల్లేదు?" అరుగు మీద గోడకు చేరగిలబడ్డ పోలమ్మ కళ్ళు తెరవకుండానే అడిగింది.

"ఓ చిటికెడు."

"నీ చిటికెడా, నా చిటికెడా?"

"నీదే."

"అయితే ఎయ్యి."

మరిడి పిడతలోంచి రాళ్ళుప్పు తీసి సిమెంటు తొట్టిలో వేసి, చేత్తో కలియబెట్టింది. మళ్ళీ వేలు ముంచి నాలుక మీద రాసుకుంది. ఈసారి తల ఊపింది. తొట్టి అడుగున ఉన్నది మెల్లగా నోరు తెరిచి, ఆవులించినట్టు కాసేపు అలాగే ఉండి, తాపీగా మూసుకుంది.

అది చేప కాదు. అలాగని చిప్పా కాదు. సగం సముద్రం చేస్తే సగం శ్యామసుందరి మేడం చేసింది. అరచేతిలో ఇమిడే ఇత్తడి గిన్నె, దాని మూతి దగ్గర తెల్లటి రెండు పలకలు, ఆ పలకల నడుమ గులాబిరంగు కండ. మేడం తన కాగితాల్లో దానికి ఏదో పొడుగాటి పేరు రాసుకుంది. గుల్లలపాలెంలో మాత్రం అందరూ దాన్ని ఆల్చిప్ప గొళ్ళెం అనేవారు.

గుల్లలపాలెం మడ అడవులకు, సముద్రానికి మధ్య ఇరుక్కున్న పల్లె. ప్రతి తుపానుకూ ఏదో ఒక బోటు దారి తప్పేది. అలా ఒకసారి తప్పిన బోటులో పోలమ్మ కొడుకు ఉన్నాడు. ఆ బోటు మళ్ళీ రాలేదు. ఆ బెంగతో కోడలు కూడా పోయింది. మిగిలిన మనవణ్ణీ మనవరాలినీ పోలమ్మ ఆల్చిప్పలు ఏరి, సున్నం బట్టీలకు అమ్మి పెంచింది. బోట్ల సంఘం వాళ్ళు తప్పిపోయిన వాళ్ళను వెతకడానికి రెండు సీట్ల బుల్లి విమానం ఒకటి తెచ్చినప్పుడు, దాన్ని నడపడం నేర్చుకుంటానని ముందుగా చెయ్యెత్తినవాడు మనవడు తాతారావే. "నాన్నని ఎతకటానికి అప్పుడు పైనుంచి సూసేవోడు లేడు. ఇప్పుడు నేనున్నాను," అన్నాడు.

ఊళ్ళో ఆ విమానాన్ని తూనీగ అనేవారు. తూనీగకు పైన గాజు మూత ఉండేది. లోపల కూర్చున్నాక దాన్ని దించి గొళ్ళెం పెట్టుకోవాలి. ఇనప గొళ్ళేన్ని ఉప్పు గాలి తినేసేది. స్టీలుది పెడితే ఇంజను అదురుకు వదులయ్యేది. తాతారావు కంటే ముందు నడిపినాయనకు ఒకసారి సముద్రం మీద ఉండగా ఆ మూత లేచిపోయింది. ఆయన ఎలాగో నేల మీదికి దిగాడు గానీ, దిగేసరికి ముఖమంతా నెత్తురు. ఆ మర్నాడే పెట్టె సర్దుకుని వెళ్ళిపోయాడు.

శ్యామసుందరి మేడం ఆ రోజుల్లోనే ఉప్పుటేరు దగ్గరికి గాజు సీసాలు పట్టుకుని వచ్చింది. పట్నంలో ఉన్న ప్రయోగశాలలో ఆవిడ జలచరాల మీద పరిశోధన చేసేది. పోలమ్మ కత్తితో ఆల్చిప్ప తెరవడానికి తంటాలు పడుతుంటే పక్కనే గొంతుక్కూర్చుని చూసింది.

"తిండి లేకుండా, అలిసిపోకుండా ఇది రోజుల తరబడి ఎలా బిగుసుకుని ఉంటుంది పోలమ్మగారూ?"

"మొండితనమమ్మా. మీ ఊళ్ళో మొండోళ్ళు లేరేటి?"

మేడం నవ్వింది గానీ ఆ మొండితనం ఎక్కడుందో కనిపెట్టింది. చిప్పను మూసి ఉంచే కండ ఒకసారి పట్టిందంటే మరి శక్తి ఖర్చు పెట్టదు. ఎంత లాగితే అంత బిగుస్తుంది. ఒకే ఒక్క మందు చుక్క తగిలితే మాత్రం సడలుతుంది. ఆవిడ ఆ కండను గాజు పాత్రలో పెంచి, ఇత్తడి గిన్నెలో కుదిర్చింది. తుప్పు పట్టదు. అదురుకు వదులవదు. కరెంటు అక్కర్లేదు. చెయ్యాల్సిందల్లా బతికించుకోవడం. పొద్దున విమానానికి బిగించాలి, సాయంత్రం విప్పి ఉప్పునీళ్ళలో పెట్టాలి. ఆ పని పోలమ్మ ఇంటికి వచ్చింది. పోలమ్మకు చూపు ఆనకపోవడంతో మరిడి చేతికి వచ్చింది.

నీటిలో ఉప్పు కొలవడానికి మేడం ఒక మీటరు ఇచ్చింది. నాలుగు వారాలకు దానికీ తుప్పు పట్టింది. బాగు చేయిస్తానని పట్టుకెళ్ళింది. ఈలోగా మరిడి నాలుక చెప్పిన లెక్కకూ, ప్రయోగశాలలో నీళ్ళు పరీక్షించిన లెక్కకూ ఎప్పుడూ తేడా రాలేదు. "నీ నాలుకుండగా మీటరెందుకు?" అంది మేడం. మరిడి సిగ్గుతో తొట్టి వెనక్కి వెళ్ళి నిలబడింది. ఆ మీటరు మళ్ళీ తిరిగి రాలేదు.

గొళ్ళెం మొదటిసారి బిగించిన రోజు ఊరంతా తూనీగ ఎగిరే చెలకలోకి, ఊరవతల మెట్ట నేలకి వచ్చింది. తాతారావు తూనీగ రెక్క మీద మోకాళ్ళ మీద కూర్చుని, గాజు మూత అంచుకు ఇత్తడి గిన్నెను మరలతో బిగించాడు. విమానం ఒంటికి ఒక స్టీలు చీల ఉంది. మూత దించగానే గిన్నె పలకలు ఆ చీలను కరిచి పట్టుకోవాలి. గిన్నె పక్కనే బొటనవేలికి అందేలా మందు నింపిన రబ్బరు బుడ్డి. నొక్కితే చుక్క పడుతుంది, పలకలు తెరుచుకుంటాయి.

"ఒసే మరిడీ, ఏలు పెట్టి సూడు, కరుత్తాదేమో," అన్నాడు తాతారావు.

"నువ్వే పెట్టు. పెళ్ళి కావాల్సినోడివి, ఉంగరం ఏలు పెట్టు."

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. అంతమంది వింటున్నారని అప్పుడు తెలిసి మరిడి ఓణీ నోటికి అడ్డం పెట్టుకుంది.

మూత దించారు. టక్కుమని చిన్న చప్పుడు. మేడం మూతకు స్ప్రింగు కాటా తగిలించి లాగింది. తర్వాత ఇద్దరు మగవాళ్ళు లాగారు. కాటా ముల్లు ముప్పాతిక వంతు దాటింది గానీ మూత కదల్లేదు. తాతారావు లోపల్నుంచి బుడ్డి నొక్కాడు. పలకలు మెత్తగా విచ్చుకున్నాయి.

"ఏటి మామ్మా, ఎలాగుంది?" అని తాతారావు పైనుంచి అరిచాడు.

"నా పెనిమిటి సెయ్యిలాగుందిరా. పట్టుకుంటే వదల్డు, బుజ్జగిత్తే వదిలేత్తాడు," అంది పోలమ్మ. మేడం కూడా పకపకా నవ్వింది.

ఆ వేసవిలో, ఆ తర్వాత వచ్చిన తొలకరిలో తూనీగ చాలాసార్లు ఎగిరింది. ఇంజను ఆగిపోయి కొట్టుకుపోతున్న బోటును ఒకసారి, బోల్తాపడ్డ తెప్ప మీద వేలాడుతున్న తండ్రీ కొడుకులను ఇంకోసారి తాతారావు చూసి, వైర్‌లెస్‌లో చోటు చెప్పాడు. ఆ తండ్రి వచ్చి పోలమ్మ కాళ్ళకు మొక్కితే, "నాకెందుకయ్యా, అదుగో ఆ తొట్టిలో దానికి మొక్కు," అంది. అతను నిజంగానే తొట్టికి దండం పెట్టి వెళ్ళాడు.

శ్రావణం వచ్చింది. గోదావరి పొంగింది. ఎర్రటి వరద నీళ్ళు ఏటిలోకి, ఏటిలోంచి సముద్రంలోకి కమ్ముకొచ్చాయి. ఆ రోజుల్లో ఒడ్డు నీళ్ళు చప్పబడిపోతాయి. మరిడికి చిటికెడు చిటికెడు కాదు, గుప్పిళ్ళతో ఉప్పు వెయ్యాల్సి వచ్చేది. వేసినప్పుడల్లా రుచి చూడాల్సి వచ్చేది, ఎందుకంటే ఏ పూట నీళ్ళు ఆ పూటే వేరు.

చిన్నప్పుడు ఇలాంటి వరదలోనే మరిడి ఒక ఆల్చిప్పను తెరవబోతే కత్తి మొన విరిగింది. "వరదప్పుడు సిప్పల జోలికెల్లకే. అప్పుడవి కత్తిక్కూడా లొంగవు," అంది పోలమ్మ. వరదలో చిప్పలకు బలం వస్తుంది కాబోలు అనుకుంది మరిడి. ఆ మాటే మనసులో ఉండిపోయింది. ఎందుకని అడగలేదు. పోలమ్మ కూడా చెప్పలేదు.

ఆ శ్రావణంలోనే పోలమ్మకు జ్వరం వచ్చింది. మందులకు లొంగలేదు. మూడు పూటలు మాట లేకుండా పడి ఉంది. ఒక మధ్యాహ్నం మరిడి తడిగుడ్డతో ముఖం తుడుస్తుంటే ముసలమ్మ చటుక్కున మరిడి మణికట్టు పట్టుకుంది. గాజులు నొక్కుకుపోయేంత గట్టిగా పట్టుకుంది.

"అన్నా! మామ్మకి బలమొచ్చింది. సూడు ఎంత గట్టిగా పట్టుకుందో!" అని మరిడి ఆనందంగా కేకేసింది.

తాతారావు పరుగెత్తుకొచ్చాడు. గంజి కాయమని పక్కింటావిడకు చెప్పాడు. ఆ గంజి పొయ్యి మీద ఉండగానే పోలమ్మ వేళ్ళు చిటికెన వేలితో మొదలుపెట్టి ఒక్కొక్కటిగా సడలిపోయాయి.

గుల్లలపాలెంలో మనిషి పోతే ఇంట్లో నిలవున్న నీళ్ళన్నీ పారబోస్తారు. పెద్దకర్మ అయ్యేదాకా ఆ ఇంటివాళ్ళ నాలుకకు ఉప్పు తగలకూడదు. చప్పిడి కూడే తినాలి. ఉప్పు తింటే పోయినవాళ్ళు దాహంతో అల్లాడతారని నమ్మకం. తలకొరివి పెట్టిన తాతారావు గుండు చేయించుకుని, భుజాన తెల్ల తువ్వాలు వేసుకుని, చప్పిడి మెతుకులు మింగుతూ ఇంటి మూల కూర్చునేవాడు. మరిడి ఆ పక్కనే కూర్చునేది.

తొట్టి నీళ్ళు మాత్రం రోజూ మార్చాలి. అదీ ప్రాణమున్నదే కదా.

మొదటి రోజు మరిడి ఏటి నీళ్ళు తెచ్చి పోసింది. అలవాటుగా వేలు ముంచింది. ముంచిన వేలు పెదవి దాకా వచ్చి ఆగిపోయింది. గోడ మూల పోలమ్మ కూర్చునే చోట దీపం వెలుగుతోంది. మరిడి వేలు ఓణీకి తుడుచుకుంది.

పక్కింటి చిలకమ్మను పిలిచి అడిగింది. "పిన్నీ, ఈ నీళ్ళు కాస్త నోట్లో ఏసుకుని ఉప్పు సరిపోయిందో లేదో సెప్పవా?"

చిలకమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. "మైలింటి నీళ్ళు నోట్లో పోసుకోమంటావేటే! నా పిల్లలు సల్లగా ఉండద్దా?" అని, మళ్ళీ జాలిపడి, "ఇన్నాళ్ళూ ఏసినట్టే ఎయ్యే. నీ సేతికి తెలీదేటి?" అంది.

నిజమేననిపించింది మరిడికి. చేతికి తెలుసు. నిన్న ఎన్ని గుప్పిళ్ళు వేసిందో ఇవాళా అన్నే వేసింది. మర్నాడూ అలాగే వేసింది. కానీ పైన ఎక్కడో వానలు పడి గోదావరి ఇంకా పొంగుతోంది. ఏటి నీళ్ళు పూట పూటకూ చప్పబడుతున్నాయి. ఆ సంగతి నాలుకకు తప్ప చేతికి తెలియదు.

రోజులు గడిచేకొద్దీ గొళ్ళెం నోరు తెరవడం తగ్గించింది. తెల్ల పలకలు రెండూ సూది దూరకుండా మూసుకున్నాయి. మరిడి పుల్లతో తాకి చూస్తే కదల్లేదు. "వరదప్పుడు కత్తిక్కూడా లొంగవు," అన్న మామ్మ మాట గుర్తొచ్చి ధైర్యం తెచ్చుకుంది.

పరామర్శకు వచ్చిన శ్యామసుందరి మేడం కూడా తొట్టి దగ్గర కూర్చుంది. చుక్క మందు వేస్తే పలకలు ఎప్పటికన్నా ఆలస్యంగా విచ్చుకున్నాయి. వాటి మధ్య చీల పెట్టి, అవి మూసుకున్నాక కాటా తగిలించి లాగింది. ముల్లు చివరిదాకా వెళ్ళి అక్కడే వణుకుతూ నిలబడింది.

"ఇంత పట్టు ఇదివరకు ఎప్పుడూ రాలేదు మరిడీ! ఏం పెడుతున్నావు దీనికి?" మేడం కళ్ళు మెరిశాయి. వెంటనే, చావు జరిగిన ఇంట్లో అలా అన్నందుకు నొచ్చుకుని గొంతు తగ్గించింది. "మీ మామ్మ ఉంటే సంతోషించేది."

రుచి చూడలేదని అప్పుడే చెబుదామనుకుంది మరిడి. అంత సంతోషంగా ఉన్న పెద్దమనిషి దగ్గర, పైగా పట్టు బాగుందని ఆవిడే అంటుంటే, ఏమని చెప్పాలో తోచలేదు. "ఏం లేదండి. మామూలేనండి," అంది.

తొమ్మిదో రోజు తెల్లవారేసరికి గాలి లేచింది. ముందురోజు వేటకు పోయిన రెండు బోట్లు రాలేదు. ఊరి పెద్ద కొండబాబు వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. వెనక ఆడవాళ్ళు ఏడుస్తున్నారు.

"తాతారావూ, కర్మ కాకుండా గడప దాటమని అడగకూడదు. అడుగుతున్నాను. పదకొండు మంది ఉన్నారురా వాటిల్లో."

"మైల కదా మావా?" అన్నాడు తాతారావు.

"గాలికి మైలేటిరా? మీ మామ్మే ఉంటే సీపురు తిరగేసి తోలును నిన్ను."

తాతారావుకు తొమ్మిది రోజుల్లో మొదటిసారి నవ్వొచ్చింది. లేచి తువ్వాలు మెడకు చుట్టుకున్నాడు.

మరిడి తొట్టిలోంచి గొళ్ళేన్ని తీసి, తడిగుడ్డలో చుట్టి, అన్న వెనకే చెలకలోకి నడిచింది. తనే మరలు బిగించింది. మూత దించగానే పలకలు చీలను కరిచాయి. ఎప్పుడూ టక్కుమనేది, ఇవాళ పటుక్కుమంది. తాతారావు లోపల్నుంచి భుజంతో మూతను నెట్టి చూశాడు. పక్కనే నిలబడ్డ కొండబాబు రెండు చేతులా లాగాడు. రవంత కదల్లేదు.

"దీని కోపం తగలెయ్య, ఎంతలా పట్టిందే!" అద్దం వెనక నుంచి తాతారావు గొంతు చిన్నగా వినిపించింది. "మామ్మ పోయిన బెంగ దీనిక్కూడా ఉన్నట్టుందే సెల్లే."

"జాగర్తన్నా."

"వచ్చాక కూడెట్టు. సప్పిడిదే అనుకో. ఇంకో రెండ్రోజులాగితే సేపల పులుసు."

తూనీగ లేచింది. మబ్బుల కింద కాసేపు నల్లగా కనిపించి, తర్వాత కనిపించలేదు.

సంఘం గదిలో వైర్‌లెస్ చుట్టూ ఊరంతా మూగింది. మరిడి గుమ్మం దగ్గర నిలబడింది. చాలాసేపటికి తాతారావు గొంతు పలికింది. "కనపడ్డాయి! రెండూ మడ ఎనకాల కాలవలోకి దూరి ఉన్నాయి. అందరూ సేతులూపుతున్నారు. ఏడవద్దని సెప్పండి ఆళ్ళకి. నేనొచ్చేత్తన్నాను."

ఆడవాళ్ళు ఒకరినొకరు కావలించుకున్నారు. చిలకమ్మ మరిడి బుగ్గలు పుణికి మెటికలు విరిచింది. ఆ సందట్లో పెట్టెలోంచి ఏదో పెద్ద హోరు వచ్చింది. సముద్రమంతా ఆ పెట్టెలోకి దూరినట్టు వచ్చింది. అంతే. ఎన్నిసార్లు పిలిచినా మళ్ళీ ఆ గొంతు పలకలేదు.

సాయంత్రానికి రెండు బోట్లూ వాటంతట అవే వచ్చేశాయి. అందరూ క్షేమం. దూరాన మూత లేని తూనీగ ముక్కు కిందికి పెట్టి నీళ్ళలో పడటం చూశామని చెప్పి, ఆ పదకొండు మందీ ఇసుకలో కూలబడి ఏడ్చారు.

మూత లేని తూనీగ అన్న మాట వినగానే మరిడి ఇంటివైపు పరుగెత్తింది. ఒక్క వేలు ముంచి, తొట్టి నీళ్ళు ఒక్క చుక్క నాలుక మీద వేసుకోవాలి. అది తప్ప ఇంకేమీ లేదు మనసులో. గుమ్మంలోకి వచ్చేసరికి చిలకమ్మా, మరో ఇద్దరూ ఇంట్లోంచి బయటికి వస్తున్నారు. ముగ్గురి చీరలూ తడిసి ఉన్నాయి. కబురు వాళ్ళకు ముందే అందింది. ఇంట్లో రెండో చావు. ఆనవాయితీ ప్రకారం కుండలన్నీ బోర్లించారు. బిందెలన్నీ గుమ్మరించారు. సిమెంటు తొట్టిని కూడా ఒరిగించి ఖాళీ చేశారు. వాకిట్లోంచి వీధిలోకి నీళ్ళు ఇంకా పారుతున్నాయి.

"మా తల్లే, మరిడీ..." అంటూ చిలకమ్మ చేతులు చాచింది.

మరిడి ఆ చేతుల కిందనుంచి దూరి వెళ్ళి, తొట్టి పక్కన మోకాళ్ళ మీద కూలబడి, తల లోపలికి వంచి, తడి ఆరని సిమెంటు గోడకు నాలుక ఆనించింది.

చప్పగా ఉంది. తాగే నీళ్ళలా ఉంది.

"పిల్లకి మతి సలించిందమ్మా," అంది ఎవరో.

మూడు రోజుల తర్వాత గాజు మూత దొరికింది. అలల మీద తేలుతూ ఒడ్డుకు చేరింది. తాతారావు దొరకలేదు. పై నుంచి విచారణ వాళ్ళు వచ్చారు. మూత అంచున గొళ్ళెం బతికే ఉంది. రబ్బరు బుడ్డి ఊడిపోయింది. వాళ్ళు మందు చుక్క వేశారు, పలకలు తెరుచుకున్నాయి. చీల పెట్టి లాగారు, గట్టిగా పట్టుకుంది. మూడు రోజులు నడిసముద్రపు ఉప్పులో నాని అది కోలుకుందని వాళ్ళకు తెలియదు.

"గొళ్ళెంలో లోపం లేదు. ఇది వదిలే దారి ఒక్కటే, మందు చుక్క. అంటే పైలట్ తనే తెరిచాడు," అని తేల్చారు.

ఊరు ఆ మాటను నోటికొచ్చినట్టు నమిలింది. మామ్మ బెంగతో కావాలనే దూకాడన్నారు కొందరు. గుండుకి గాలాడక మూత తీసుంటాడన్నారు ఇంకొందరు, నవ్వకుండానే. అతను వెతకబోయిన బోట్లలోని ఒకడు కూడా, "పాపం, ఆడి మనసు బాలేదప్పుడు," అన్నాడు.

మరిడి బస్సెక్కి పట్నం వెళ్ళింది. ప్రయోగశాల గుమ్మంలో చెప్పులు విడిచి నిలబడింది. అడగకుండా ఎవరితోనూ మాట్లాడని పిల్ల, లోపలికి వస్తూనే మొదలుపెట్టింది.

"మేడంగారూ, అన్న తెరవలేదండి. నేను రుసి సూడలేదండి. నీళ్ళు సప్పగా ఉన్నాయండి."

శ్యామసుందరి ఆమెను కూర్చోబెట్టింది. అంతా విన్నది. విన్నాక మెల్లగా తల అడ్డంగా ఊపింది. "నిన్ను నువ్వు చంపుకోకు మరిడీ. నీళ్ళు చప్పబడితే పట్టు తగ్గాలి. నేనే లాగి చూశాను కదా, ఎప్పుడూ లేనంత పట్టు ఉంది."

మరిడి తన మణికట్టు చూసుకుంది. గాజుల నొక్కులు ఎప్పుడో మానిపోయాయి.

"మామ్మ సెయ్యి కూడా అలాగే పట్టుకుందండి, పోయేముందు. బలమొచ్చిందనుకున్నామండి."

మేడం లేచి, అలమరలోంచి ఇంకో గొళ్ళేన్ని తీసింది. చప్పటి నీళ్ళలో పెట్టింది. పలకల మధ్య చీల పెట్టి, దానికి ఇనప గుండు వేలాడదీసింది. పక్కనే కాటా.

ఇద్దరూ దాని ముందు కూర్చున్నారు. మర్నాడూ కూర్చున్నారు. మేడం ఇంటికి పోలేదు, మరిడి ఊరికి పోలేదు. చప్పిడి అన్నం మరిడికి అక్కడికే తెప్పించింది మేడం. గొళ్ళెం పట్టు తగ్గలేదు. పెరిగింది. కొలిచిన ప్రతిసారీ పెరిగింది. "చూశావా?" అనబోయి మేడం ప్రతిసారీ ఆగిపోయేది. ఎందుకంటే కండ రంగు మారుతోంది. గులాబిరంగు పోయి బూడిదరంగు వస్తోంది. చప్పటి నీరు లోపలికి రాకుండా అది ఉన్న ప్రాణమంతా పెట్టి తలుపు మూసుకుంటోంది.

అది బలం కాదని మరిడికి తెలిసింది. ఆ వరద రోజున అడిగి ఉంటే మామ్మ చెప్పేదే. "బయమే పిల్లా. బయంతో మూసుకుంటాయి. బయపడి బయపడి, ఇంక సేతకాక తెరిసేత్తాయి."

వారం గడిచాక ఒక మధ్యాహ్నం, మేడం ఏదో రాసుకుంటూ ఉండగా, ఎవరూ లాగకుండానే, ఎవరూ తాకకుండానే ఇనప గుండు దభీమని నేల మీద పడింది.

గుండు దొర్లుకుంటూ వెళ్ళి గోడకు తగిలి ఆగింది.

"నేను బాగుందన్నాను," అంది శ్యామసుందరి. ఆవిడ గొంతు మరిడికి కొత్తగా వినిపించింది. "చచ్చేంత భయపడుతున్న దాని కింద మీ అన్న కూర్చోబోతుంటే, నేను బాగుందన్నాను."

"నా పేరు రాయండి మేడంగారూ."

"నీ పేరెందుకు? ఒక్క మీటరు తిరిగి పంపనిది నేను."

"అన్న పేరు మాత్రం తుడిసెయ్యండి."

మేడం ఉన్నదున్నట్టు రాసి పంపింది. తాతారావు మీద వేసిన మాట కాగితం మీద నుంచి తొలగిపోయింది. దానితోపాటే ఆల్చిప్ప గొళ్ళెం ఏ విమానానికీ పనికిరాదని ఉత్తర్వు వచ్చింది. కొత్త తూనీగ కోసం సంఘం పెట్టుకున్న అర్జీని వెనక్కి పంపేశారు. మేడంను వేరే పనికి మార్చారు. వెళ్ళేముందు ఆవిడ, సముద్రంలో దొరికిన ఆ మొదటి గొళ్ళేన్ని మరిడికి ఇచ్చింది. పారెయ్యడానికి ఆవిడకు చేతులు రాలేదు.

కార్తీకంలో తుపాను పట్టింది. మూడు బోట్లు రాలేదు. ఒడ్డున ఆడవాళ్ళు వరసగా నిలబడి, అలవాటు కొద్దీ సముద్రాన్ని వదిలేసి ఆకాశంలోకి చూశారు. ఆకాశంలో ఏమీ లేదు. మరిడి కూడా వెళ్ళి నిలబడింది. ఆమె పక్కనున్న మనిషి రెండడుగులు జరిగింది. ఆవల ఉన్నావిడ కూడా జరిగింది. ఆ బోట్లలో చిలకమ్మ పెనిమిటి ఉన్నాడు.

"నోర్మూసుకునుంటే ఏటి పోయేదే?" అంది చిలకమ్మ. తిట్టలేదు, గట్టిగా అరవలేదు. "సచ్చినోడికి పేరెందుకే? మాకు తూనీగన్నా ఉండును."

అన్న ఉంటే ఆ మాటే అనేవాడేమోనని మరిడికి అనిపించింది. అలా అనిపించాక ఇంక అక్కడ నిలబడలేకపోయింది.

ఇంటికి వచ్చి తొట్టి దగ్గర కూర్చుంది. వేలు ముంచి నాలుక మీద రాసుకుంది. ఓ చిటికెడు తక్కువైంది. వేసి, కలియబెట్టి, మళ్ళీ చూసింది. సరిపోయింది. ఇప్పుడు ప్రతి పూటా సరిపోతోంది.

అడుగున గొళ్ళెం నోరు తెరిచింది. మరిడి పలకల మధ్య తన వేలు పెట్టింది. అవి మూసుకున్నాయి. నొప్పి లేదు. నిద్రలో పసిపిల్ల పట్టుకున్నంత మెత్తగా పట్టుకున్నాయి. బాగున్నప్పుడు, ఎవరూ లాగనంతసేపూ, దాని పట్టు ఇంతే ఉంటుంది.

ఒడ్డు నుంచి ఏడుపులు మొదలయ్యాయి. మేడం ఇచ్చిన మందు బుడ్డి గూట్లో ఉంది. చెయ్యి చాపితే అందుతుంది. మరిడి చెయ్యి చాపలేదు.